నల్లబల్ల వెనుక అన్నం డబ్బాలు

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు ఆ రోజుల్లో పేరున్న ప్రభుత్వ పాఠశాల. ఇరవయ్యో శతాబ్దం మొదలై కొన్నేళ్లే అయింది. ఒకరోజు ఉపాధ్యాయుడు లెక్క చేసి చూపించమని భీమ్ అనే విద్యార్థిని నల్లబల్ల దగ్గరకు పిలిచాడు. అతడు బల్లను చేరేలోపే తరగతి గది గగ్గోలెత్తిపోయింది. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం డబ్బాలు ఆ నల్లబల్ల వెనుకే ఉన్నాయి. మహార్ కులంలో పుట్టిన పిల్లవాడు బల్లను తాకితే దాని వెనకున్న అన్నం మైలపడుతుంది. అందుకని సవర్ణుల పిల్లలు ఒక్క ఉదుటున పరుగెత్తి తమ డబ్బాలను అవతలికి విసిరేశారు. ఆ తర్వాతే భీమ్ బల్ల దగ్గరకు చేరాడు.

ధనంజయ్ కీర్ రాసిన అంబేడ్కర్ జీవిత చరిత్ర చదివినవారికి ఈ ఘట్టం కొత్తది కాదు. ఏటా ఏప్రిల్ 14న మన సభల్లో వక్తలు దీన్ని చెబుతూనే ఉంటారు. చెప్పి, వెంటనే కొలంబియా విశ్వవిద్యాలయానికీ రాజ్యాంగ సభకూ వెళ్లిపోతారు. అవమానాల మెట్లెక్కి శిఖరం చేరిన మహనీయుడి కథగా అది ముగుస్తుంది. ఆ తరగతి గదిలో మిగిలిపోయిన పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్లు భీమ్‌ను కొట్టలేదు. మధ్యాహ్నం తినవలసిన అన్నాన్ని కాపాడుకోవడానికి పరుగెత్తారు, అంతే. ఏ ఒక్కరూ ఆలోచించుకోవలసిన అవసరం రాలేదు, ఒకరినొకరు సంప్రదించుకోలేదు. అంతమంది పిల్లలు ఒకే క్షణంలో ఒకే పని చేశారంటే ఆ పాఠం వారికి ముందే కంఠతా వచ్చి ఉండాలి. దాన్ని వారికి ఎవరు నేర్పారు? బడిలో ఒకరినొకరు ఏడిపించుకునే పిల్లల గురించి ఇవాళ జరుగుతున్న చర్చ ఈ ప్రశ్న దగ్గర మొదలుకావాలని నా అభిప్రాయం.

ఆ చర్చకు శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు డాన్ ఒల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1970వ దశకంలో స్వీడన్, నార్వే పాఠశాలల్లో ఆయన చేసిన అధ్యయనాలు బుల్లీయింగ్ అనే మాటకు ఒక నిర్వచనం ఇచ్చాయి. గాయపరచాలన్న ఉద్దేశం, మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా – ఈ మూడూ ఉంటే అది బుల్లీయింగ్. 1982లో నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్న తర్వాత, 1983లో అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఒక కార్యక్రమాన్ని చేపట్టింది. ఒల్వేయస్ పరిశోధన దానికి పునాది అయింది. ఆ కృషి విలువైనదే. అయితే ఆ అధ్యయనాల్లో తరచుగా కనిపించే బాధితుడు బిడియస్తుడు, ఆత్మవిశ్వాసం తక్కువైనవాడు, ఒంట్లో బలం లేనివాడు. వేధించేవాడు దూకుడు స్వభావం గలవాడు, బలవంతుడు. మన పాఠశాలల్లో జరిగే కౌన్సెలింగ్ శిబిరాలు ఈ బొమ్మనే అరువు తెచ్చుకున్నాయి. బిడియస్తుడికి ధైర్యం నూరిపోస్తాం, దూకుడు పిల్లవాడికి నీతులు చెబుతాం. భీమ్ బాల్యాన్ని ఈ బొమ్మ పక్కన పెట్టి చూస్తే రెండూ ఎక్కడా కలవవు.

అతడు 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరంలో పుట్టాడు. రామ్‌జీ సక్పాల్, భీమాబాయి దంపతుల పద్నాలుగో సంతానం. తండ్రి సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. కబీరు పంథాను నమ్మినవాడు, పిల్లల చదువు విషయంలో పట్టుదల గలవాడు. పదవీ విరమణ తర్వాత కుటుంబం కొంతకాలానికి సతారాకు చేరింది. అక్కడే తల్లి చనిపోయింది. మేనత్త మీరా పిల్లలను సాకింది. కీర్ చిత్రించిన భీమ్ మొండివాడు, తగవులమారి, ఎవరు వద్దంటే ఆ పనే చేసే రకం. ఒకరోజు జోరువానలో గొడుగు లేకుండా తడిసి ముద్దయి బడికి వచ్చాడు. పెండ్సే అనే ఉపాధ్యాయుడు జాలిపడి, తన కొడుకును తోడిచ్చి ఇంటికి పంపి, వేడినీళ్ల స్నానం చేయించి, కట్టుకోవడానికి గోచీ ఇప్పించాడు. ఇలాంటి పిల్లవాడిని పిరికివాడని ఎవరూ అనలేరు. చదువులో వెనుకబడినవాడు కాదు, తండ్రి లేని అనాథ కాదు, ఆ వాడలోకెల్లా నిరుపేద కూడా కాదు. ఇంట్లో ధైర్యానికి కొదవ లేదు. అయినా సతారా బడిలో ఆ ధైర్యం అతడికి గుక్కెడు నీళ్లు సంపాదించి పెట్టలేకపోయింది.

సతారా బడి గురించి అంబేడ్కర్ స్వయంగా రాసిపెట్టారు. 1935-36 ప్రాంతంలో రాసిన వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే చిన్న స్మృతి గ్రంథంలో ఆ వివరాలున్నాయి. ఆయన జీవించి ఉండగా అది అచ్చు కాలేదు. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1990లో దాన్ని ప్రచురించింది. తరగతిలో మార్కులను బట్టి పిల్లలు కూర్చునే వరుస ఉండేది. భీమ్‌కు ఆ వరుసలో చోటు లేదు, అతడి చోటు ఒక మూల. అక్కడ పరుచుకోవడానికి ఒక గోనెపట్టా. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టాను ముట్టడు కనుక సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకుపోవాలి, పొద్దున్నే మళ్లీ మోసుకురావాలి. దాహం వేస్తే మిగతా పిల్లలు ఉపాధ్యాయుడి అనుమతి తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్లి తిప్పుకుని తాగేవారు. భీమ్‌కు ఆ అనుమతి చాలదు. కుళాయిని అతడు ముట్టుకోకూడదు, ఎవరైనా అంటదగినవాడు వచ్చి తిప్పాలి. ఆ పని చేసేది బడి బంట్రోతు ఒక్కడే. బంట్రోతు ఉంటే నీళ్లు, లేకపోతే లేవు.

ఈ ఏర్పాటును భీమ్ వైపు నుంచి మనం చాలాసార్లు చూశాం. ఒకసారి పక్క వరుసలో కూర్చున్న పిల్లల వైపు నుంచి చూడాలి. ప్రతి ఉదయం తమ ఈడు పిల్లవాడొకడు చంకలో గోనెపట్టా పెట్టుకుని రావడం వాళ్లు చూస్తారు. బడిలో ఇంకెవరూ గోనె మోసుకురారు. తాము తిప్పే కుళాయిని అతడు తిప్పకూడదని చూస్తారు. కొందరు ఉపాధ్యాయులు అతడి పుస్తకాన్ని ముట్టరు, మైల భయంతో అతడిని పాఠం అడగరు. దీన్ని ఎవరూ నోటితో బోధించనక్కరలేదు. చరిత్ర, భూగోళం, గణితం పాఠాలు వారానికి కొన్నిసార్లే జరుగుతాయి, ఈ పాఠం రోజూ జరుగుతుంది, పరీక్ష కూడా రోజూ ఉంటుంది. ఇంట్లో నేర్చిన మడికి బడి ప్రభుత్వ ముద్ర వేసింది. ఇంట్లో అమ్మ చెప్పింది పాత ఆచారమని పెద్దయ్యాక పిల్లవాడు అనుకోవచ్చు. సర్కారు బడి కుళాయి కూడా అదే చెబితే ఇక అనుమానించడానికి ఏముంటుంది? ఎల్ఫిన్‌స్టన్ తరగతిలో అన్నం డబ్బాల కోసం పరుగెత్తిన పిల్లలు బొంబాయి వాళ్లే కావచ్చు, సతారా బడిని కళ్లతో చూసి ఉండకపోవచ్చు. కానీ ఇలాంటి గోనెపట్టా ఏదో ఒకటి చూడకుండా పెరిగి ఉండరు.

దయగల ఉపాధ్యాయులు లేరా అంటే ఉన్నారు. పెండ్సేను పైన చెప్పుకున్నాం. అంబేడ్కర్ అనే ఇంటిపేరు గల బ్రాహ్మణ ఉపాధ్యాయుడు భీమ్‌ను అభిమానించేవాడని, ఆ ఇంటిపేరే శిష్యుడికి దక్కిందని మన పాఠ్యపుస్తకాలు ఎంతో ఇష్టంగా చెబుతాయి. పేరు కథ నిజానిజాలను చరిత్రకారులకు వదిలేద్దాం. మధ్యాహ్నం భీమ్ అంత దూరం ఇంటికి నడవనక్కర లేకుండా ఆయన తన భోజనంలోంచి రోజూ అన్నం, రొట్టె, కూర పెట్టేవాడని కీర్ రాశారు. పెట్టిన తీరును కూడా రాశారు. పిల్లవాడి చేతుల్లోకి జారవిడిచేవాడు. ఆ మనిషి మంచితనాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఆ దృశ్యాన్ని చూసిన తోటి పిల్లలకు అందులో రెండు పాఠాలు దొరికాయి. ఒకటి, ఆకలిగా ఉన్నవాడికి పెట్టాలి. రెండోది, వాడి చేతికి చేయి తగలకుండా పెట్టాలి. వ్యవస్థలోని లోపాన్ని మంచి ఉపాధ్యాయుడు పూడ్చేస్తాడని నమ్మే మన విద్యా పండితులు ఈ రెండో పాఠం దగ్గర ఆగరు.

1901 నాటి ప్రయాణం కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. కోరేగావ్‌లో కరవు పనుల దగ్గర క్యాషియరుగా ఉన్న తండ్రిని చూడటానికి తొమ్మిదేళ్ల భీమ్, అన్న, అక్క కొడుకులిద్దరూ కొత్త బట్టలు తొడుక్కుని రైలెక్కారు. మసూర్ స్టేషనులో దిగారు. వాళ్ల దుస్తులు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్న స్టేషను మాస్టరు ఆప్యాయంగా పలకరించాడు. కులం చెప్పగానే అతడి ముఖం మారిపోయింది. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే తప్ప బండి దొరకలేదు. దగ్గర తిండి ఉండి కూడా నీళ్లు లేక ఆ రాత్రి ఆకలితో పడుకున్నారు. ఆ స్టేషను మాస్టరు కూడా ఒకప్పుడు ఏదో ఒక బడిలో కూర్చున్న పిల్లవాడే. క్షణంలో ముఖం మార్చుకునే ఆ నైపుణ్యం ఉద్యోగంలో చేరాక వచ్చింది కాదు.

బొంబాయికి వచ్చాక పరేల్‌లో ఒంటిగది నివాసం. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో గోనెపట్టా లేకపోవచ్చు, కానీ సంస్కృతం తలుపు మూసే ఉంది. సంస్కృతం చదవాలని అన్నదమ్ములిద్దరికీ ఉన్నా అంటరాని పిల్లలకు ఆ భాష చెప్పరు కనుక పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ఒకే తరగతిలోని పిల్లలు భాషా పాఠం వేళ రెండుగా చీలిపోతారు, ఎవరు ఎటు వెళతారో కులం నిర్ణయిస్తుంది. బడి వదిలాక భీమ్ చర్నీ రోడ్ తోటకు వెళ్లి ఒంటరిగా చదువుకునేవాడు. పుస్తకాల మీద అతడికున్న మక్కువకు దీన్ని నిదర్శనంగా చూపిస్తారు. మక్కువ నిజమే. కానీ తరగతిలో అంతమంది తోటివారున్న పిల్లవాడు రోజూ సాయంత్రం తోటలో ఒంటరిగా ఎందుకు కూర్చున్నాడో కూడా అడగాలి. ఏ బడిలోనైనా అలా కూర్చునే పిల్లవాడు కనిపిస్తే ఉపాధ్యాయుడు కారణం కనుక్కోవాలని నేటి శిక్షణ తరగతులు చెబుతాయి. ఆ తోటలోనే కృష్ణాజీ అర్జున్ కేళుస్కర్ అనే ఉపాధ్యాయుడు అతడిని గమనించి చేరదీశాడు. 1907లో మెట్రిక్యులేషన్ పూర్తయినప్పుడు జరిగిన అభినందన సభలో తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను కానుకగా ఇచ్చాడు. ఆ సభకు అధ్యక్షత వహించినవారు ఎస్.కె. బోలే. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

తర్వాతి దశ వేగంగా గడిచింది. బరోడా మహారాజు ఇచ్చిన ఆర్థిక సహాయం, 1912లో బి.ఎ., 1913లో కొలంబియా. 1916లో అక్కడి సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. ఆ తర్వాత కొంతకాలం లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చారు. కార్యాలయంలో నౌకర్లు ఫైళ్లను దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవారు. బస చేసిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చిన గుంపు ఆయన్ను వెళ్లగొట్టింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. అక్కడ ఆచార్యుల గదిలోని కుండలో నీళ్లు ఆయన తాగడానికి వీల్లేదని కొందరు సహాచార్యులు అభ్యంతరం చెప్పారు. అన్నం డబ్బాల కోసం పరుగెత్తిన తరం అప్పటికి పెద్దదై గుమస్తాలుగా, ఆచార్యులుగా కుర్చీల్లో కూర్చుంది. వాళ్లే వీళ్లని నేననడం లేదు, ఆ ఈడువాళ్లు, అలాంటి బడుల్లో చదివినవాళ్లు. చిన్ననాటి చేష్టలు వయసుతో పాటు పోతాయని తల్లిదండ్రులు తరచూ అంటుంటారు. కులం నేర్పిన చేష్టకు వయసు పెరిగేకొద్దీ హోదా పెరిగింది.

అంబేడ్కర్ తన బాల్యాన్ని వ్యక్తిగత గాయంగా మిగుల్చుకోలేదు, దాని మూలాన్ని వెతికారు. 1928లో బహిష్కృత హితకారిణి సభ తరఫున సైమన్ కమిషన్‌కు బొంబాయి రాష్ట్రంలో అణగారిన వర్గాల విద్య మీద ఒక నివేదిక సమర్పించారు. అందులో 1856 నాటి ధార్వాడ్ ఉదంతాన్ని తవ్వి తీశారు. ఒక మహార్ బాలుడు ధార్వాడ్ ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఇతడొక్కడిని చేర్చుకుంటే మిగతా పిల్లలంతా బడి మానేస్తారన్న లెక్కతో బొంబాయి ప్రభుత్వం నిరాకరించింది. ప్రభుత్వ పాఠశాలలు అన్ని వర్గాలకూ తెరిచి ఉండాలని లండన్‌లోని పై అధికారులు 1858లో స్పష్టం చేశారు. ఆ ఆదేశం కాగితం మీద గెలిచింది, బొంబాయి ప్రభుత్వం వేసిన లెక్క బడిలో గెలిచింది. గోనెపట్టా ఆ రెంటి మధ్య కుదిరిన రాజీ. పిల్లవాడిని లోపలికి రానిస్తారు, కానీ మిగతావారు నొచ్చుకోని చోట కూర్చోబెడతారు. ఇవాళ వేధింపు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు వేధించిన నలుగురిని వదిలి, ఫిర్యాదు చేసిన ఒక్కడిని వేరే సెక్షనుకో వేరే హాస్టలుకో మార్చే ప్రధానోపాధ్యాయులు వేస్తున్నది ఆ ధార్వాడ్ లెక్కే.

ఆయన చేపట్టిన తొలి పోరాటం కూడా నీళ్ల కోసమే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, పాఠశాలలు అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో తీర్మానం పెట్టి నెగ్గించినవారు, మెట్రిక్ సభకు అధ్యక్షత వహించిన ఆ బోలేనే. మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించింది, కానీ అక్కడ ఒక్క దళితుడూ నీళ్లు ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. బంట్రోతు రాక కోసం కుళాయి దగ్గర ఎదురుచూసిన పిల్లవాడు ఆరోజు ఎవరి కోసమూ ఆగలేదు. ఆ తర్వాత జరిగింది చూడండి. గుంపులు సభికుల మీద పడి కొట్టి, వండిన అన్నాన్ని మట్టిపాలు చేశాయి. చెరువును 108 కుండల పంచగవ్యంతో శుద్ధి చేశారు. అన్నమూ నీళ్లూ మైలపడతాయన్న భయమే ఎల్ఫిన్‌స్టన్ పిల్లలను నల్లబల్ల వెనక్కి పరుగెత్తించింది, మహాడ్ పెద్దలను చెరువు గట్టుకు పరుగెత్తించింది. పరుగులో తేడా లేదు, పెద్దల చేతుల్లో కర్రలున్నాయి.

1946లో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో కళాశాల స్థాపించినప్పుడు వాటిని ఆయన అన్ని కులాల విద్యార్థులకూ తెరిచారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో పన్నెండో తరగతి చదువుతున్న దళిత విద్యార్థి మీద, అడ్డుపడిన అతడి చెల్లెలి మీద రాత్రివేళ ఇంట్లోనే కొడవళ్లతో దాడి జరిగింది. చేసినవారు ఆ బడి విద్యార్థులే. తనను వేధిస్తున్నారని అతడు ఫిర్యాదు చేయడమే కారణం. ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో వచ్చిన ఆ నివేదిక పిల్లల స్వభావాలను సరిదిద్దమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. కులాన్ని చాటే రంగు మణికట్టు దారాలు నిషేధించాలంది. పాఠశాలల పేర్లలో కులం ఉండకూడదంది. హాజరు పట్టీలో కులం వివరాలు కనిపించకూడదని, పిల్లలను పేర్ల అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని సిఫారసు చేసింది. కూర్చునే చోటు గురించి ఒక న్యాయమూర్తి సిఫారసు చేయవలసి రావడం కొందరికి చిన్న విషయంగా తోచింది. సతారా గోనెపట్టా తెలిసినవారికి అలా తోచదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల విషయం కొంత భిన్నం. వేలాది దళిత పిల్లలను సాంఘిక సంక్షేమ గురుకులాలు అక్కున చేర్చుకున్నాయి. వాటిలో చాలావాటికి అంబేడ్కర్ పేరే ఉంది. ఊరి బడిలో దొరకని గౌరవం, భద్రత అక్కడ దొరుకుతున్నాయి, ఆ పిల్లల విజయాలు మనం చూస్తున్నాం. గురుకులాలను తగ్గించాలనేవారితో నాకు ఏకీభావం లేదు. కానీ వాటివల్ల ఊరి బడి మారలేదన్నది కూడా ఒప్పుకోవాలి. దళిత పిల్లవాడు వెళ్లిపోయిన తరగతిలో మిగిలిన పిల్లలు ఏ కుళాయినీ పంచుకోకుండానే పెరుగుతున్నారు. కార్పొరేట్ పాఠశాలలకు పోయినవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. వీళ్లంతా తొలిసారి కలుసుకునేది ఇంజనీరింగ్, వైద్య కళాశాలల హాస్టళ్లలో. అప్పుడు ర్యాంకు అడిగే నెపంతో రిజర్వేషన్ కేటగిరీ అడగడంతో పలకరింపు మొదలవుతుంది. 1997 నాటి ర్యాగింగ్ నిరోధక చట్టం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చినా, ఈ పలకరింపును ర్యాగింగ్‌గా గుర్తించే వార్డెన్లు తక్కువ.

మధ్యాహ్న భోజనం విషయంలో సుప్రీంకోర్టు 2001లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. 2004లో వంటవారిగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆకలి తీర్చడంతో పాటు ఒకే పొయ్యి మీద వండిన అన్నం పిల్లలంతా ఒకే వరుసలో కూర్చుని తినాలన్న ఆలోచన ఆ ఆదేశం వెనక ఉంది. దళిత మహిళ వండిందని పిల్లలకు ఇంటి నుంచి డబ్బాలు కట్టి పంపే తల్లిదండ్రులు ఇంకా దేశంలో అక్కడక్కడా వార్తలకెక్కుతూనే ఉన్నారు. ఆ డబ్బాలు మోసుకొచ్చే పిల్లలు మాత్రం వార్తల్లో ఉండరు. వాళ్లు ఏ వరుసలో కూర్చుంటున్నారో, వాళ్ల డబ్బాలు ఎక్కడ పెడుతున్నారో చూడవలసింది మండల విద్యాధికారులు.

వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో అంబేడ్కర్ సతారా బడి గురించి రాసిన పేజీలు చాలా కొద్ది. గోనెపట్టా ఉంది, కుళాయి ఉంది, బంట్రోతు ఉన్నాడు, జుట్టు కత్తిరించే మంగలి దొరకక ఆ పని అక్క చేసిన సంగతి ఉంది. తన తరగతిలో చదివిన ఏ పిల్లవాడి పేరూ ఆయన అక్కడ రాయలేదు.